పట్టూ విడుపూ

మధురైలో మా వీధి చివరి తాలింఖానాలో చిన్నప్పుడు కర్రసాము, చేతిపట్లు నేర్చుకున్నాను. కొన్ని పట్లు ప్రాణాంతకమని వస్తాదుగారు గాలిలోనే చూపేవారు. పెద్దయ్యాక ఓ రాత్రి ఇద్దరు నా చేతిసంచీ లాక్కుంటుంటే చేతులు కొయ్యబారిపోయాయి. ఎదురుతిరిగేవాడి మీద ఆ పట్లు ఎన్నడూ పట్టి చూడలేదు మరి!

కారణం జపాన్ చరిత్రలో దొరికింది. 1882లో జిగోరో కానో పాత జుజుత్సును సంస్కరించి జూడో నెలకొల్పాడు. గుద్దులనూ ప్రమాదకరమైన పట్లనూ వరుస అభ్యాసాలకే పరిమితం చేసి, మిగిలినవి జతగాడితో పూర్తి బలంతో పెనుగులాడి నేర్వమన్నాడు. కోరలు తీసినా ఆ విద్య చప్పబడలేదు. కానో బడిలో నేర్చిన మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు; అక్కడ గ్రేసీ కుటుంబం దాన్ని అందిపుచ్చుకుంది. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో, నియమాలు బహు కొద్దిగా ఉన్న పోటీలో, ఆ ఇంటి రాయిస్ ఒక్క రాత్రే తనకంటే బరువైన ముగ్గురిని లొంగదీశాడు.

అయినా గోదాలో ప్రత్యర్థి ఒక్కడే, పైగా రిఫరీ ఉంటాడు. వీధిలో ఇద్దరుంటారు, కత్తీ ఉండవచ్చు. "ముందు తప్పుకో, తర్వాతే చెయ్యెత్తు" అని మా వస్తాదుగారు ఊరికే అనలేదు. మన సాములో లోటు పట్లది కాదు, ఎదురాడే జతగాడిది. అందుకే ఇప్పుడు మా మనవడికి ఎదురుగా నేనే నిలబడుతున్నాను.