అమెరికా ప్రభుత్వ పాఠశాలలలో భద్రతా చర్యలు, విద్యార్థి స్వేచ్ఛ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థుల రక్షణ కొరకు తీసుకొనే చర్యలకూ, ఆ విద్యార్థులకు రాజ్యాంగం వలన సంక్రమించిన హక్కులకూ మధ్య గల సంబంధం ఆ దేశపు న్యాయశాస్త్రంలో ఒక ముఖ్యమైన అంశం. సంచుల సోదా, మెటల్ డిటెక్టర్లు, నిఘా కెమెరాలు, మాదక ద్రవ్యాల పరీక్షలు, బడిలో పోలీసు అధికారుల నియామకం మొదలైనవి ఈ చర్యలలో ప్రధానమైనవి. తప్పు చేసినట్లు అనుమానం కలిగిన ఒక్క విద్యార్థిని సోదా చేయడంతో మొదలైన ఈ వ్యవస్థ, క్రమంగా ఏ అనుమానమూ లేని విద్యార్థులందరినీ తనిఖీ చేసే స్థితికి చేరుకొన్నది. ఈ మార్పు ఎంతవరకు సమంజసమన్నదే ఇందులోని అసలు వివాదం.

మన దేశంలో "పబ్లిక్ స్కూల్" అనే పేరు హైదరాబాదు పబ్లిక్ స్కూల్ వంటి ప్రైవేటు యాజమాన్యపు సంస్థలకు వాడుకలో ఉన్నది. అమెరికాలో ఈ మాటకు అర్థం వేరు. అక్కడ పన్నుల సొమ్ముతో, స్థానిక స్కూలు బోర్డుల పర్యవేక్షణలో నడిచే ఉచిత పాఠశాలలనే పబ్లిక్ స్కూళ్ళు అంటారు. ఈ తేడా గుర్తుంచుకొనవలసినది. ఎందుకనగా రాజ్యాంగంలోని హక్కులు ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తాయి. ప్రైవేటు పాఠశాలలలోని సోదాలకు ఈ వ్యాసంలోని తీర్పులు సాధారణంగా వర్తించవు.

రాజ్యాంగ నేపథ్యం

1791లో ఆమోదం పొందిన హక్కుల పత్రంలోని మొదటి సవరణ భావప్రకటనా స్వేచ్ఛను, నాల్గవ సవరణ అసమంజసమైన సోదాల నుండి, జప్తుల నుండి రక్షణను కల్పిస్తున్నాయి. సాధారణంగా పోలీసులు ఒకరి ఇంటిని సోదా చేయాలంటే తగిన కారణం చూపి న్యాయాధికారి నుండి వారెంటు పొందాలి. 1868 నాటి పదునాల్గవ సవరణ ద్వారా ఈ హక్కులు రాష్ట్ర ప్రభుత్వాలకు, తద్వారా స్కూలు బోర్డులకు కూడా వర్తిస్తాయి.

అయితే చాలా కాలం వరకు బడి గోడల లోపల ఈ హక్కుల ప్రసక్తి రాలేదు. ఉపాధ్యాయుడు తల్లిదండ్రుల స్థానంలో ఉంటాడనే ఆంగ్ల న్యాయ సూత్రమే అక్కడ చెల్లుబాటైనది. "మీ పిల్లవాడే అనుకోండి పంతులుగారూ" అని బడిలో వదలి వెళ్ళే మన పల్లెటూరి తండ్రి మాటలోనూ ఉన్నది ఈ భావమే. తండ్రి తన కొడుకు జేబు వెదకడానికి వారెంటు అక్కరలేదు గదా!

ఈ అభిప్రాయాన్ని సడలించిన తీర్పులలో టింకర్ కేసు ప్రసిద్ధమైనది. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలోని డిమోయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకొని బడికి వెళ్ళగా, అధికారులు వారిని సస్పెండు చేశారు. 1969లో సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యతతో విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది. న్యాయమూర్తి ఏబ్ ఫోర్టాస్ వ్రాసిన ఈ తీర్పు ప్రకారం, బడి పనికి గణనీయమైన ఆటంకం కలుగుతుందని చూపలేనంత వరకు విద్యార్థుల అభిప్రాయ ప్రకటనను నిషేధించరాదు. 1975లో గాస్ కేసులో, పది రోజుల లోపు సస్పెన్షనుకు సైతం ముందుగా ఆరోపణ ఏమిటో తెలిపి, విద్యార్థి చెప్పేది వినాలని అదే న్యాయస్థానం నిర్దేశించింది.

టి.ఎల్.ఓ. కేసు

పాఠశాలలలో సోదాలకు ఈనాటికీ ఆధారంగా ఉన్నది 1985 నాటి న్యూజెర్సీ వర్సెస్ టి.ఎల్.ఓ. తీర్పు. బాలిక మైనరు కావడంతో కోర్టు పత్రాలలో ఆమె పేరులోని పొడి అక్షరాలు మాత్రమే వాడారు.

1980 మార్చి 7న పిస్కాటవే ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయురాలు ఇద్దరు బాలికలు మరుగుదొడ్డిలో సిగరెట్లు త్రాగుతుండగా చూచి కార్యాలయానికి తీసుకువచ్చారు. ఒకామె ఒప్పుకొన్నది. పదునాలుగేళ్ళ రెండవ బాలిక తనకసలు పొగత్రాగే అలవాటే లేదన్నది. సహాయ ఉపప్రధానోపాధ్యాయుడు ఆమె చేతిసంచి తెరువగా సిగరెట్ల పెట్టె కనిపించినది. దానిని తీయగా చుట్టుకొనే కాగితాలు కనిపించినవి. గంజాయికి వాడే కాగితాలవి. అంతట సంచినంతా వెదికితే కొద్దిపాటి గంజాయి, ఒక గొట్టం, కొన్ని డాలరు నోట్లు, తనకు బాకీ ఉన్న విద్యార్థుల పేర్ల జాబితా, రెండు ఉత్తరాలు దొరికినవి. విషయం పోలీసులకు, అక్కడి నుండి బాలల న్యాయస్థానానికి చేరింది. సోదా అసమంజసమని 1983లో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు బాలికకు అనుకూలంగా నిర్ణయించగా, రాష్ట్ర ప్రభుత్వం పై న్యాయస్థానానికి వెళ్ళింది.

న్యాయమూర్తి బైరన్ వైట్ వ్రాసిన తీర్పు రెండు పక్షాల వాదనలనూ పూర్తిగా అంగీకరించలేదు. ఉపాధ్యాయులు తల్లిదండ్రుల ప్రతినిధులు, కనుక నాల్గవ సవరణ వారికి వర్తించదన్న ప్రభుత్వ వాదనను త్రోసిపుచ్చింది. నిర్బంధ విద్యా చట్టాల క్రింద పనిచేసే అధికారి ప్రభుత్వ ప్రతినిధియే అన్నది. కాని బడిలో క్రమశిక్షణ నిలపాలంటే వారెంటు, తగిన కారణం వంటి పోలీసు నియమాలు పనికిరావని కూడా చెప్పి, వాటి స్థానంలో సమంజసమైన అనుమానం చాలునన్నది. సోదా మొదలుపెట్టడానికి ఆధారం ఉన్నదా, సోదా జరిగిన తీరు ఆ ఆధారానికీ, విద్యార్థి వయసుకూ, తప్పు స్వభావానికీ తగినట్లుగా ఉన్నదా అనే రెండు ప్రశ్నలతో ప్రతి సోదానూ పరీక్షించాలి. ఈ కొలమానంతో చూస్తే పిస్కాటవే సోదా సరియైనదే అని 6-3 ఆధిక్యతతో తేల్చారు.

ఈ తీర్పులో ఒక ప్రశ్నను న్యాయస్థానం కావాలనే వదలివేసింది. ఫలానా విద్యార్థి మీద అనుమానం ఉండి తీరాలా, లేక అనుమానం లేకుండానే అందరినీ సోదా చేయవచ్చునా? తరువాతి నలుబది ఏళ్ళ చరిత్ర చాలా వరకు ఈ ఖాళీలోనే నడిచింది.

అనుమానం లేని తనిఖీలు

ఆరిగాన్ రాష్ట్రంలోని వెర్నోనియా అనే చిన్న ఊరిలో క్రీడాకారులైన విద్యార్థులకు ముందస్తు అనుమానంతో పని లేకుండా మూత్ర పరీక్షలు ప్రవేశపెట్టారు. ఏడవ తరగతి విద్యార్థి ఒకడు ఫుట్‌బాల్ ఆడగోరగా, అతని తల్లిదండ్రులు పరీక్షకు అంగీకరించలేదు. 1995లో సుప్రీంకోర్టు 6-3తో బడి విధానాన్ని సమర్థించింది. క్రీడాకారులు ఒకే గదిలో దుస్తులు మార్చుకొంటారు గనుక వారికి గోప్యత తక్కువేనని తీర్పు వ్రాసిన ఆంటొనిన్ స్కాలియా వాదం. 2002లో ఓక్లహోమా రాష్ట్రంలోని టెకుమ్సే నుండి వచ్చిన కేసులో ఇదే నియమాన్ని గాయక బృందం, బ్యాండు మేళం వంటి పోటీ కార్యక్రమాలన్నిటికీ 5-4తో విస్తరించారు. వెర్నోనియాలో సమ్మతించిన న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఈసారి అసమ్మతి వ్రాశారు. పాట పాడే పిల్లలకు ఆటలాడే పిల్లలకు ఉండే ప్రమాదాలు లేవు గదా అన్నది సహజంగా తోచే ప్రశ్న.

మెటల్ డిటెక్టర్ల విషయం సుప్రీంకోర్టు వరకు రాలేదు. అయినా క్రింది న్యాయస్థానాలు వీటిని విమానాశ్రయపు తనిఖీలతో పోల్చి అనుమతించాయి. కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానం 1998లో ఇచ్చిన తీర్పు ఇందుకు ఉదాహరణ. జాగిలాల విషయంలో మాత్రం కోర్టులలో ఏకాభిప్రాయం లేదు. బీరువాలను, కార్లను వాసన చూడడం సోదా కాదు గాని పిల్లవాని ఒంటిని వాసన చూడడం సోదాయే అని 1982లో అయిదవ సర్క్యూట్ న్యాయస్థానం అభిప్రాయపడింది.

హద్దు ఎక్కడ

2003లో అరిజోనా రాష్ట్రంలోని శాఫర్డ్ మాధ్యమిక పాఠశాలలో నొప్పి మాత్రలు పంచిందన్న ఆరోపణపై పదమూడేళ్ళ బాలికను కార్యాలయానికి పిలిచారు. ఆ మాట చెప్పినది మాత్రలతో పట్టుబడిన మరొక విద్యార్థిని. మాత్రలు ఐబుప్రొఫెన్ జాతివి. సంచిలో ఏమీ దొరకలేదు. అప్పుడు ఆమెను లోదుస్తుల వరకు విప్పించి, వాటిని కూడా దులిపించి చూశారు. ఏమీ లేదు. తరువాత కూడా ఆమెను తరగతికి పంపక కార్యాలయం ముందు కుర్చీలో రెండు గంటలకు పైగా కూర్చోబెట్టారు. తల్లికి కబురు చేయాలని ఎవరికీ తోచలేదు.

2009లో సుప్రీంకోర్టు 8-1తో ఈ సోదా రాజ్యాంగ విరుద్ధమన్నది. సంచిని వెదకడం వరకు అనుమానం చాలునని, బట్టలు విప్పించడానికి చాలదని న్యాయమూర్తి డేవిడ్ సూటర్ వివరించారు. ఆ మాత్రల వలన పిల్లలకు ప్రమాదం ఉన్నదనడానికి గాని, వాటిని లోదుస్తులలో దాచిందనడానికి గాని ఆధారం లేదు. అయితే అప్పటికి చట్టం స్పష్టంగా లేదనే కారణంతో ఆ అధికారులపై వ్యక్తిగతంగా నష్టపరిహారం విధించలేదు. హక్కు ఉన్నదని చెబుతూనే, దానిని భంగపరచినవారిని వదలివేయడం ఈ రకపు తీర్పులలో తరచుగా కనిపించే లక్షణం.

కాల్పుల అనంతరం

1994 నాటి తుపాకి రహిత పాఠశాలల చట్టం ప్రకారం, బడికి తుపాకి తెచ్చిన విద్యార్థిని కనీసం ఒక సంవత్సరం బహిష్కరించే నియమం చేసుకోనిదే రాష్ట్రాలకు కేంద్ర విద్యా నిధులు అందవు. ఆ చట్టంలో కేసును బట్టి శిక్ష తగ్గించే వెసులుబాటు ఉన్నది. కాని అనేక ప్రాంతాలలో ఆ వెసులుబాటును మరచి, చిన్న చాకులకు, బొమ్మలకు కూడా ఇదే కాఠిన్యాన్ని వర్తింపజేశారు. 2013లో మేరీలాండ్‌లో తినుబండారాన్ని తుపాకి ఆకారంలో కొరికినందుకు ఏడేళ్ళ బాలుని సస్పెండు చేశారు. 2015లో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తాను తయారు చేసిన గడియారాన్ని ఉపాధ్యాయులకు చూపడానికి తెచ్చిన పదునాలుగేళ్ళ బాలునికి బాంబు అనుమానంతో సంకెళ్ళు వేశారు. అతనిపై ఏ అభియోగమూ మోపలేదు. ఇటువంటి సడలింపు లేని విధానాల వలన బడులు సురక్షితమైనట్లు ఆధారం లేదని అమెరికా మనస్తత్వశాస్త్రవేత్తల సంఘం నియమించిన కార్యబృందం 2008లో ప్రకటించింది.

1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పులలో 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ఆ దినమే మరణించారు. ఆ తరువాత భద్రతా చర్యలు వేగం పుంజుకొన్నాయి. నిఘా కెమెరాలు గల ప్రభుత్వ పాఠశాలలు 1999-2000లో 19 శాతం ఉండగా, 2019-20 నాటికి 91 శాతానికి పెరిగాయి. న్యూయార్క్ నగరంలో అంతకుముందే, 1998లో, బడుల భద్రతా సిబ్బందిని పోలీసు శాఖ ఆధీనంలోకి తెచ్చారు.

ఈ చర్యలు ఆపదను ఎంతవరకు ఆపాయన్న ప్రశ్నకు ఉత్సాహకరమైన సమాధానం లేదు. కొలంబైన్‌లోను, 2018లో 17 మంది మరణించిన ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలోను సాయుధ అధికారి నియమితుడై ఉన్నాడు. 2012లో కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడి తలుపులు తాళం వేసే ఉన్నాయి. హంతకుడు ప్రక్కనున్న అద్దం పగులగొట్టి లోపలికి వచ్చాడు. అక్కడ 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు మరణించారు. 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించినప్పుడు పోలీసులు నడవలోనికి చేరుకొని కూడా గంటకు పైగా ఆగిపోయారు. చర్యలు లేకుంటే ఇంకెంత నష్టం జరిగేదో లెక్కించడం సాధ్యం కాదన్న ఎదురు వాదన కూడా న్యాయమైనదే.

పార్క్‌లాండ్‌లో కాల్పుల తరువాత విద్యార్థులందరూ పారదర్శకమైన సంచులే తేవాలని నిబంధన పెట్టారు. తమకు కావలసినది తుపాకుల నియంత్రణ గాని తమ సంచుల తనిఖీ కాదంటూ విద్యార్థులు ఆ సంచులపై నిరసన చీటీలు కట్టారు. ఆడపిల్లలకు అవసరమైన వస్తువులు అందరికీ కనబడుతున్నాయన్న ఫిర్యాదు కూడా వచ్చింది. మరుసటి విద్యా సంవత్సరానికి ఆ నిబంధన తొలగిపోయింది.

పోలీసులు బడిలోనే ఉండడం వలన పాత సరిహద్దులు చెరిగిపోతున్నాయి. టి.ఎల్.ఓ. నియమం ఉపాధ్యాయుల కొరకు ఏర్పడినది. బడిలోని పోలీసు అధికారి సోదా చేసినప్పుడు కూడా పలు న్యాయస్థానాలు అదే సడలింపును ఇస్తున్నాయి. దొరికినది మాత్రం క్రిమినల్ కేసులో సాక్ష్యమవుతుంది. పదమూడేళ్ళ బాలుని బడి గదిలో పోలీసులు ప్రశ్నించిన కేసులో 2011లో సుప్రీంకోర్టు, అతడు నిర్బంధంలో ఉన్నట్లా కాదా అని నిర్ణయించేటప్పుడు వయసును లెక్కలోనికి తీసుకోవాలని 5-4తో చెప్పింది.

కొత్త పరికరాలు

బడి ఇచ్చిన కంప్యూటరు ఇంటికి వెళ్ళినప్పుడు నిఘా కూడా దానితో పాటు వెళ్ళవచ్చు. పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ విద్యా జిల్లాలో పోయిన లాప్‌టాప్‌లను కనుగొనడానికి అమర్చిన సాఫ్ట్‌వేరు విద్యార్థులను వారి ఇళ్ళలోనే ఫొటోలు తీసినట్లు 2010లో బయటపడింది. ఆ జిల్లా 6,10,000 డాలర్లకు రాజీ కుదుర్చుకొన్నది. 2013లో ఆరవ సర్క్యూట్ న్యాయస్థానం, తరగతిలో సెల్‌ఫోను వాడినంత మాత్రాన అందులోని సందేశాలన్నీ చదివే అధికారం బడికి రాదని స్పష్టం చేసింది. 2021లో మహనోయ్ కేసులో, సెలవు దినాన బడి వెలుపల స్నాప్‌చాట్‌లో పరుషంగా వ్రాసిన విద్యార్థినిపై బడి తీసుకొన్న చర్య చెల్లదని సుప్రీంకోర్టు 8-1తో తీర్పు చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో ముఖాలను గుర్తించే కెమెరాలు పెట్టగా, రాష్ట్రం 2020లో వాటిని నిలిపివేసి, 2023లో బడులలో పూర్తిగా నిషేధించింది.

అమెరికాలో స్థిరపడిన ఎందరో తెలుగువారి పిల్లలు ఈ బడులలోనే చదువుకొంటున్నారు. విద్యా సంవత్సరం మొదట్లో ప్రవర్తనా నియమావళిని ఇచ్చి తల్లిదండ్రుల సంతకం కోరడం అక్కడి వాడుక. సోదాలు, బీరువాల తనిఖీ, ఫోన్లు, మందులు తేవడం గురించిన నియమాలు అందులోనే ఉంటాయి. పండు కోసుకోవడానికి భోజనపు డబ్బాలో పెట్టిన చిన్న చాకు, పిల్లవాని సంచిలో మరచిన తలనొప్పి మాత్ర కూడా చాలా చోట్ల నియమోల్లంఘన క్రిందికే వస్తాయి.