వల కన్ను ఎంత ఉండాలి?

1995 మార్చి 28. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భవనానికి దగ్గర్లో, ఈస్ట్ రివర్ మీద ఒక బార్జి నిలిచింది. బార్జి మీద క్రేను, క్రేను కొక్కేనికి వేలాడుతూ భారీ చేపల వల. కెనడా మత్స్యశాఖ మంత్రి బ్రయన్ టోబిన్ దాన్ని విలేకరులకు చూపిస్తూ, ఎదగని చేపపిల్లల్ని కూడా వదలకుండా ఊడ్చేసిన వల ఇదేనన్నాడు. ఆ సమయంలో సమితిలో, దేశాల సరిహద్దులు దాటి తిరిగే చేపల మీద ఎవరికి ఎంత హక్కుందో తేల్చడానికి ప్రపంచ దేశాల ప్రతినిధులు సమావేశమై ఉన్నారు. అదే రోజు స్పెయిన్ ద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కెనడా మీద దావా వేసింది.

ఆ వల స్పెయిన్ ఓడ ‘ఎస్తాయ్’ది. అంతకు పందొమ్మిది రోజుల ముందు, మార్చి 9న, న్యూఫౌండ్‌లాండ్ తీరానికి సుమారు 245 నాటికల్ మైళ్ల దూరంలో కెనడా గస్తీ నౌకలు దాన్ని తరిమాయి. స్పెయిన్ నావికులు వల తాళ్లు కోసేసి పరుగు తీశారు. గంటల తరబడి వెంటాడాక ‘కేప్ రోజర్’ నౌక నుంచి ఎస్తాయ్ ముందు నీళ్లలోకి మెషిన్‌గన్ పేల్చారు. ఓడ ఆగింది. దాన్ని సెయింట్ జాన్స్ రేవుకు లాక్కొచ్చారు. సముద్రం అడుక్కి పోయిన వలను కెనడా వాళ్లు వెతికి మరీ పైకి తీశారు. ఓడలో చాటుగా ఇంకో అర ఉందనీ, పట్టకూడదని నిషేధించిన చేపలు అందులో దొరికాయనీ ఆరోపించారు.

కెనడా సముద్ర హక్కు 200 నాటికల్ మైళ్ల వరకే. అవతల ఉన్నది ఏ దేశానిదీ కాని సముద్రం. అక్కడ పరాయి దేశపు ఓడ మీద చెయ్యి వేసే అధికారం కెనడాకు లేదని స్పెయిన్ వాదన. అప్పటి సముద్ర చట్టం ప్రకారం అది బలమైన వాదనే. మరి ఎప్పుడూ శాంతి మాటలు చెప్పే కెనడా తుపాకీ దాకా ఎందుకు పోయింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఎస్తాయ్ పట్టిన టర్బట్ అనే చేపను పక్కనపెట్టి కాడ్ చేప సంగతి చూడాలి.

న్యూఫౌండ్‌లాండ్ ఆగ్నేయాన గ్రాండ్ బ్యాంక్స్ అనే మెరక సముద్రం ఉంది. చల్లటి లాబ్రడార్ ప్రవాహం, వెచ్చటి గల్ఫ్ స్ట్రీమ్ అక్కడ కలుస్తాయి. లోతు తక్కువ, మేత ఎక్కువ. 1497లో జాన్ కాబట్ ఆ నీళ్లు చూసి వెనక్కి వచ్చాక, రాయి కట్టి బుట్ట దించితే చాలు చేపలు వచ్చేస్తాయని ఇంగ్లండులో చెప్పుకున్నారు. ఆ తర్వాత దాదాపు ఐదు వందల ఏళ్లపాటు పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్స్, ఇంగ్లండు పడవలు అక్కడ కాడ్ పట్టి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి యూరప్‌కు తీసుకెళ్లాయి. మన పల్లెల్లో ఎండు చేప ఎలా పేదవాడి కూరైందో, అట్లాంటిక్‌కు రెండువైపులా ఎండు కాడ్ అలా అయింది. సముద్రంలో చేపకు కొదవేమిటని అందరూ అనుకున్నారు. 1883లో లండన్ మత్స్య ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త కూడా కాడ్ వంటి పెద్ద వేటలకు తరుగు లేదనే చెప్పాడు. గాలి తెరచాపలు, చేతి గాలాల కాలంలో ఆయన మాట తప్పని తేలే అవకాశం రాలేదు.

1954లో బ్రిటన్ ‘ఫెయిర్‌ట్రై’ అనే ఓడను వేటకు దింపింది. అది ఓడ రూపంలో ఉన్న కర్మాగారం. వల వెనకవైపు నుంచి పైకి వస్తుంది, కోత యంత్రాలు ముక్కలు చేస్తాయి, గడ్డకట్టించే గదుల్లోకి సరుకు పోతుంది. రేవు ముఖం చూడకుండా వారాల తరబడి వేట సాగించవచ్చు. సోవియట్ యూనియన్, జర్మనీ, స్పెయిన్ అదే బాట పట్టాయి. శతాబ్దాలుగా ఏడాదికి సుమారు 3 లక్షల టన్నుల లోపే ఉన్న ఉత్తర కాడ్ వేట 1968లో 8 లక్షల టన్నులకు చేరింది. అక్కడి నుంచి పడిపోవడమే.

1977లో కెనడా 200 మైళ్ల హద్దు గీసి విదేశీ ఓడల్ని బయటకు నెట్టింది. అంతటితో చేప బతుకుతుందనుకున్నారు. కానీ ఖాళీ అయిన చోటును కెనడా సొంత ట్రాలర్లు నింపాయి. సముద్రంలో ఎంత చేప ఉందో అంచనా కట్టడానికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు పెద్ద ట్రాలర్లకు గంటకు ఎంత పడుతోందన్న లెక్క మీద బాగా ఆధారపడ్డారు. తప్పంతా ఆ లెక్కలోనే జరిగింది. కాడ్ తగ్గే కొద్దీ మిగిలినవి చిక్కటి గుంపులుగా కొన్ని చోట్లకే చేరతాయి. సోనార్ ఉన్న ట్రాలర్ ఆ గుంపు ఎక్కడుంటే అక్కడికి పోయి నిండు వల లాగుతుంది. ఓడ డెక్కు మీద నుంచి చూస్తే అంతా సమృద్ధే. ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల మీద వేటాడేవాళ్లకు మాత్రం చేప తగ్గిందనీ, పడినవి చిన్నవవుతున్నాయనీ 1980లలోనే తెలుసు. వాళ్లు ఆ మాట పైకి చెప్పారు. శాస్త్రం పేరుతో ఆ మాటను పక్కన పెట్టేశారు. ఈ చరిత్ర అంతటిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

1992 జులై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను నిలిపేస్తున్నట్టు ప్రకటించాడు. రెండేళ్లకే అన్నారు. ఒక్క దెబ్బతో సుమారు 30 వేల మంది పని పోయింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రెండేళ్లన్న నిషేధాన్ని 2024లో గానీ ఎత్తలేదు. ఎత్తాక అనుమతించిన వేట 18 వేల టన్నులు.

కాడ్ పోగొట్టుకున్న కెనడాకు మిగిలిన ఆశల్లో టర్బట్ ఒకటి. చదునుగా ఉండి, లోతు నీళ్లలో తిరిగే చేప అది. కెనడా గీత దాటి బయటి సముద్రంలోకి పోతుంది, వస్తుంది. బయట వేటను చూసుకునే వాయవ్య అట్లాంటిక్ మత్స్య సంస్థ, నాఫో, 1995కు 27 వేల టన్నుల హద్దు పెట్టింది. అందులో యూరోపియన్ యూనియన్‌కు ఇచ్చిన వాటా 3,400 టన్నులు. ఆ సంస్థ నిబంధనల్లోనే ఒక కిటికీ ఉంది: నచ్చని సభ్యుడు అభ్యంతరం చెప్పి తన వాటా తానే రాసుకోవచ్చు. యూనియన్ అలాగే 18,630 టన్నులు రాసుకుంది. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. అందరూ అలాగే చేస్తే చేప మిగలదు. అప్పటి అంతర్జాతీయ వ్యవస్థలో లోపం ఎక్కడుందో ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి.

వల కన్ను విషయానికొద్దాం. అక్కడ కన్ను కనీసం 130 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఐదు అంగుళాల పైచిలుకు. తనిఖీదారు తడి వల కన్నును సాగదీసి, పోను పోను వెడల్పయ్యే పలుచని పలకను అందులోకి దూర్చి, అది ఏ గీత దగ్గర ఆగిందో చూస్తాడు. పెద్ద కన్నులోంచి పిల్లచేప జారిపోయి, పెరిగి, ఒక్కసారైనా గుడ్లు పెడుతుంది. చిన్న కన్నులో దాని వంశం అక్కడితో ఆగుతుంది. ఎస్తాయ్ వల లోపల ఇంకా చిన్న కళ్ల వలను అస్తరులా వేశారని కెనడా చూపించింది. పైకి కనిపించేది ఒక వల, లోపల దొంగ వల.

ఎస్తాయ్‌ను 5 లక్షల కెనడా డాలర్ల పూచీ మీద మార్చి 15న వదిలారు. ఇంగ్లండులో కార్న్‌వాల్ జాలర్లు తమ పడవల మీద కెనడా జెండా ఎగరేశారు. ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. కేసు ఎత్తేశారు, పూచీ డబ్బు తిరిగిచ్చారు, నాఫో నీళ్లలో ప్రతి ఓడ మీదా పరిశీలకుడు ఉండాలన్నారు. న్యాయస్థానం 1998 డిసెంబరులో ఈ దావా వినే అధికారం తనకు లేదంది. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో కోర్టు పరిధిని ఒప్పుకోబోమని కెనడా 1994లోనే ముందుజాగ్రత్తగా రాసిచ్చేసింది. చేప పక్షాన నిలబడ్డ దేశమే కోర్టు తలుపు ముందే మూసుకోవడం నాకు మింగుడుపడదు. అయినా ఆ ఏడాది వచ్చిన ఊపు మాత్రం వృథా పోలేదు. ఆగస్టు 4న, ఫిజీకి చెందిన భారత సంతతి దౌత్యవేత్త సత్య నందన్ అధ్యక్షతన నడిచిన సమితి సమావేశం, సరిహద్దులు దాటే చేపల మీద ఒప్పందాన్ని ఆమోదించింది. ప్రాంతీయ సంస్థ నిబంధనలు అమల్లో ఉన్న చోట, బయటి సముద్రంలో కూడా ఒక సభ్యదేశం ఇన్‌స్పెక్టర్లు మరో సభ్యదేశం ఓడ ఎక్కి తనిఖీ చేసే వీలు దానితో వచ్చింది. ఇండియా 2003లో అందులో చేరింది.

ఇదంతా న్యూయార్క్ కథ. రోమ్‌లో ఇంకొకటి నడుస్తోంది. ఆహార, వ్యవసాయ సంస్థ, ఎఫ్ఏఓ, 1945 అక్టోబరు 16న పుట్టింది కెనడాలోని క్విబెక్ నగరంలోనే. యుద్ధం ముగిసిన ఏడాది అది, ఆకలి అందరి ముందూ ఉంది. తిండి అంటే ధాన్యమే కాదు, చేప కూడా అని ఆ సంస్థ మొదటినుంచీ గుర్తించింది. భారతీయుడు బి.ఆర్.సేన్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న 1956–67 కాలంలో, 1965లో, దాని మత్స్య కమిటీ ఏర్పడింది. కాడ్ వేట ఆగడానికి రెండు నెలల ముందు, 1992 మేలో, మెక్సికోలోని కాన్‌కూన్‌లో సమావేశమైన దేశాలు బాధ్యతగా వేటాడడానికి ఒక నియమావళి రాయమని ఎఫ్ఏఓను కోరాయి. మూడేళ్ల చర్చల తర్వాత 1995 అక్టోబరు 31న బాధ్యతాయుత మత్స్యవేట ప్రవర్తనా నియమావళికి ఆమోదం వచ్చింది.

పన్నెండు అధికరణాలు. వేటాడే హక్కుతోపాటు చేపను కాపాడే బాధ్యత కూడా వస్తుందన్నది వాటి మూలసూత్రం. శాస్త్రీయ సమాచారం చాలదన్న సాకుతో జాగ్రత్తలు వాయిదా వేయొద్దని కూడా ఉంది. న్యూఫౌండ్‌లాండ్‌లో జరిగింది తెలిసినవాళ్లకు ఆ వాక్యం ఎందుకు అవసరమో చెప్పనక్కర్లేదు. చేపల చెరువులు, తీరప్రాంత నిర్వహణ, పట్టాక చేప పాడవకుండా చూడడం, వ్యాపారం, పరిశోధన అన్నీ అందులో ఉన్నాయి. అయితే దీన్ని పాటించడం స్వచ్ఛందం. పాటించని దేశాన్ని ఎవరూ ఏమీ అనలేరు. దాన్ని చూసి కాగితపు పులి అని కొట్టిపారేసినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దాని చాయలోనే తర్వాత కట్టుబడి ఉండాల్సిన ఒప్పందాలు వచ్చాయి. దొంగ వేట సరుకును రేవులోనే ఆపే ఒప్పందం 2009లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చింది. అయితే సముద్రం ఇంకా కోలుకోలేదు. మితిమీరి వేటాడిన చేప నిల్వల వాటా 1974లో 10 శాతం, 2021 నాటికి 37.7 శాతమని ఎఫ్ఏఓ లెక్క.

ఈ నియమావళిలో చిన్న జాలరి గురించి ఉన్నది చాలా కొద్ది. 1984లో రోమ్‌లో ఎఫ్ఏఓ ప్రపంచ మత్స్య మహాసభ పెట్టినప్పుడు అది ప్రభుత్వాల సభ. దాంతో జాలర్లు, వాళ్ల తరఫువాళ్లు అదే ఊళ్లో వేరే సభ పెట్టుకున్నారు. అందులోంచి వచ్చిన ఐసీఎస్ఎఫ్ అనే సంస్థ చెన్నై కేంద్రంగా దశాబ్దాలపాటు పోరాడాక, 2014 జూన్‌లో చిన్నతరహా మత్స్యకారులకు ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. వాటి కోసం ఏళ్ల తరబడి పనిచేసిన ఆ సంస్థ కార్యదర్శి చంద్రికా శర్మ ఆ రోజు చూడలేదు. అంతకు మూడు నెలల ముందు, మార్చి 8న, మంగోలియాలో జరిగే ఎఫ్ఏఓ ప్రాంతీయ సభకు బయలుదేరి, కనిపించకుండా పోయిన మలేసియా విమానం ఎంహెచ్370లో ఆమె ఉన్నారు. ఆ మార్గదర్శకాలను ఆమెకే అంకితమిచ్చారు.

రోమ్‌లో రాసిన మాటలకు మన తీరంలో అర్థం వెతికితే దొరుకుతుంది. తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం అది. ఆంధ్రలో తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలదని చట్టం. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద జాలర్ల పల్లెల మధ్య గొడవ రేగి పడవలు తగలబడ్డాయి. అక్కడా ప్రశ్నలు అవే. వల కన్ను ఎంత? ఎంత దూరంలో వెయ్యాలి? ఎవరి చేప అది? నిబంధన ఉన్నా దాన్ని అమలు చేసే పడవ లేకపోతే పేదవాడూ పేదవాడూ కొట్టుకోవాల్సి వస్తుంది.

సరిహద్దు గీత ఖరీదు శ్రీకాకుళం వాళ్లకు మరీ బాగా తెలుసు. సొంత తీరంలో వేట చాలక గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి పరాయి బోట్ల మీద పనికి కుదిరేవాళ్లు ఆ జిల్లాలో చాలామంది ఉన్నారు. 2018 నవంబరులో వాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇండియాలో అడుగుపెట్టారు. ‘తండేల్’ సినిమాకు ఆధారం వాళ్ల కథే. 200 మైళ్ల మండలంలో చేపల నేరానికి జైలు శిక్ష వెయ్యరాదని, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, 1982 నాటి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతుంది. తీరానికి దగ్గరి ప్రాదేశిక జలాలకు ఆ రక్షణ వర్తించదు. పైగా సర్ క్రీక్ దగ్గర ఏ నీళ్లు ఎవరివో రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదు. స్పెయిన్ కంపెనీ ఓడ ఆరు రోజుల్లో విడుదలైంది. కూలికి వెళ్లిన తెలుగు జాలరికి ఏడాది పైన పట్టింది.

ఇప్పుడు చర్చ డబ్బు చుట్టూ తిరుగుతోంది. దొంగ వేటకూ, నిల్వలు పడిపోయిన చేపల వేటకూ ప్రభుత్వాలు రాయితీలు ఇవ్వరాదన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 2022 జూన్ 17న జెనీవాలో కుదిరి, 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. సముద్రం మోయలేనన్ని ఓడల్ని తయారు చేసే రాయితీల మాట మాత్రం మిగిలిపోయింది. దూర సముద్రాల్లో వేటాడే సంపన్న దేశాలు 25 ఏళ్లపాటు రాయితీలు ఆపాలనీ, వర్ధమాన దేశాలకు అంతే గడువు ఇవ్వాలనీ ఇండియా పట్టుబట్టింది. తెప్ప మీద పోయేవాడి డీజిల్ సాయాన్నీ, ఖండాలు దాటే కర్మాగార ఓడల డీజిల్ సాయాన్నీ ఒకే గాటన కట్టకూడదన్నంత వరకు ఆ వాదన న్యాయమే. మన మరబోట్ల సంఖ్యను అలాగే పెంచుకుంటూ పోవడానికి ఆ తెప్పను అడ్డం పెట్టుకోకూడదు. జెనీవా ఒప్పందంలో మరో షరతుంది: అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలో, అంటే 2029 సెప్టెంబరు నాటికి, మిగిలిన రాయితీల మీద సమగ్ర నిబంధనలు కుదరకపోతే, సభ్యదేశాలు వేరే నిర్ణయం తీసుకుంటే తప్ప, ఇప్పుడున్న ఒప్పందం కూడా రద్దవుతుంది.