పసిపిల్లల కాలేయ మార్పిడి: కళ్యాణదుర్గం కుటుంబాల కోణంలో

పూర్తిగా చెడిపోయిన కాలేయాన్ని తీసేసి, ఆ స్థానంలో మరొకరి కాలేయాన్ని గానీ, అందులో కొంత భాగాన్ని గానీ అమర్చే శస్త్రచికిత్సే కాలేయ మార్పిడి. మన దేశంలో పసిపిల్లలకు ఎక్కువగా తల్లో తండ్రో ఇచ్చిన భాగాన్నే అమరుస్తారు. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ఒకే రోజు ఆపరేషన్ బల్ల ఎక్కుతారన్నమాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే, కళ్యాణదుర్గం ఉన్న అనంతపురం మెట్టలో, వేరుశనగనూ కూలినీ నమ్ముకున్న కుటుంబానికి ఆపరేషన్ ఒక్కటే కష్టం కాదు. దానికి ముందు పోయే కాలం, దాని తర్వాత జీవితాంతం మిగిలే మందులు అంతకంటే పెద్ద పరీక్ష.

మొదటి అరవై రోజులు

చిన్నపిల్లల్లో కాలేయ మార్పిడికి అన్నిటికంటే పెద్ద కారణం బిలియరీ అట్రీషియా. కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే నాళాలు పుట్టిన కొత్తలోనే మూసుకుపోతాయి. పైత్యం లోపలే నిలిచి కాలేయాన్ని గట్టిపరుస్తుంది. పుట్టిన బిడ్డకు కామెర్లు రావడం మామూలే, చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతాయి. అందుకే పెద్దవాళ్లు నీరెండలో పడుకోబెట్టమంటారు. తగ్గకపోతే పసరు పోయిస్తారు, కొన్నిచోట్ల వాతలు కూడా పెడతారు. బిడ్డ పాలు బాగానే తాగుతుంటుంది, నవ్వుతుంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ గుడ్డ మీద చూస్తే తెలిసిపోతుంది: మూత్రం ముదురు పసుపుగా మరక కడుతుంది, మలం మాత్రం సున్నపు ముద్దలా పాలిపోయి ఉంటుంది. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష చేయించాల్సిందే.

తొందర ఎందుకంటే, 1950లలో జపాన్ శస్త్రవైద్యుడు మొరియో కసాయ్ రూపొందించిన ఆపరేషన్‌తో పేగును నేరుగా కాలేయానికి కలిపి పైత్యానికి దారి చేయవచ్చు. రెండు నెలలలోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆ తర్వాత అవకాశం తగ్గుతూ పోతుంది. కసాయ్ ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు మార్పిడి తప్పదు, కానీ బిడ్డ పెరిగి బరువెక్కడానికి ఆ గడువు దొరుకుతుంది. తైవాన్ 2004 నుంచి మలం రంగులు ముద్రించిన కార్డును ప్రతి తల్లికీ ఇస్తోంది. అక్కడ ఈ జబ్బును త్వరగా పట్టుకోవడం మొదలైంది ఆ కార్డుతోనే. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేని ఇంత చవక ఉపాయం మన ఆశా కార్యకర్తల చేతిలోనూ ఉండాలి.

మేనరికాలు ఎక్కువగా ఉన్న రాయలసీమలో మరో సంగతి కూడా చెప్పాలి. విల్సన్ జబ్బు, టైరోసినీమియా వంటి జన్యు లోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినప్పుడే బయటపడతాయి. రక్తసంబంధీకుల పెళ్లిలో ఆ అవకాశం పెరుగుతుంది. బిలియరీ అట్రీషియాను మాత్రం వంశపారంపర్యంగా వచ్చే జబ్బుగా పరిగణించరు. దానికి కోడలి పుట్టింటినో, గర్భిణిగా ఆమె తిన్న తిండినో తప్పుపట్టడం అన్యాయం.

ఇంతవరకు

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చేసిన తొలి కాలేయ మార్పిడి బిలియరీ అట్రీషియాతోనే ఉన్న మూడేళ్ల బాబుకు. ఆ బిడ్డ బల్ల మీదే చనిపోయాడు. తల్లి ఇచ్చిన భాగంతో బిడ్డ బతికిన తొలి ఆపరేషన్‌ను 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రస్సెల్ స్ట్రాంగ్ చేశారు. మన దేశంలో పిల్లలకు తొలి విజయం 1998 నవంబరులో, ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో. కాంచీపురానికి చెందిన పసివాడికి తండ్రి కాలేయ భాగం ఇచ్చాడు. ఆ పిల్లవాడు పెద్దయి డాక్టరయ్యాడు.

కళ్యాణదుర్గానికి దగ్గరి ఉదంతం 2016 నాటిది. చిత్తూరు జిల్లాలో ఒక పేద దంపతులు బిలియరీ అట్రీషియాతో బాధపడుతున్న తమ పాపకు కారుణ్య మరణం ప్రసాదించమని తంబళ్లపల్లె కోర్టును ఆశ్రయించారు. కోర్టు ఒప్పుకోలేదు. వార్త పత్రికలకెక్కాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించింది, చెన్నైలో తండ్రి కాలేయ భాగంతో ఆపరేషన్ జరిగింది. బిడ్డ మీద ప్రేమ లేక కాదు ఆ తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కింది, చేతిలో డబ్బు లేక. సాయం అందడానికి పేపర్లో పడాల్సి రావడం సమాజంగా మనం సిగ్గుపడాల్సిన విషయం.

ఖర్చు, సాయం

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు అదే పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు వర్తిస్తుందో ముందుగా ఆసుపత్రిలో పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడగాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఖర్చుకు హామీ ఇచ్చే ఎల్‌ఓసీ పత్రం తెచ్చుకోవడం, ప్రధానమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయడం, దాతల నుంచి ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించడం మిగతా దారులు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2024లో మూడేళ్ల బాబుకు తల్లి ఇచ్చిన భాగంతో మార్పిడి చేశారు. ప్రభుత్వ వైద్యంలోనూ ఇది సాధ్యమే.

ఇంట్లో ఇద్దరు రోగులు

దాతగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, అవ్వాతాతలను చట్టం దగ్గరి బంధువులుగా గుర్తిస్తుంది. బ్లడ్ గ్రూపు, స్కానింగులు, బంధుత్వం రుజువు చేసే కాగితాలు అన్నీ కావాలి. పెద్దవాళ్ల కాలేయంలో ఎడమవైపున్న చిన్న భాగం, దాదాపు నాలుగో వంతు, పసిబిడ్డకు సరిపోతుంది. దాతకు మిగిలిన కాలేయం కొన్ని నెలల్లో తిరిగి పెరుగుతుంది. బోరు దగ్గర మోటారు ఎత్తేది, మూటలు మోసేది దాతే అయితే, కోలుకునే ఆ నెలల్లో ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి. తండ్రి కూలి ఆగుతుందని చాలా ఇళ్లలో తల్లే ముందుకొస్తుంది. అప్పుడు ఆపరేషన్ అయిన బిడ్డను ఎత్తుకునే చేతులు ఉండవు. ఆ లోటు తీర్చేది అవ్వ. ఆసుపత్రి దగ్గర అద్దెగదిలో ఒకరు, ఊళ్లో మిగతా పిల్లల దగ్గర ఇంకొకరు ఉండేలా ఇల్లు రెండుగా చీలుతుంది. ఊళ్లో మిగిలిపోయిన అన్నకో అక్కకో ఏం జరుగుతోందో వాళ్ల వయసుకు తగ్గట్టు చెప్పడం మరిచిపోతుంటారు.

ఆపరేషన్ తర్వాత శరీరం కొత్త కాలేయాన్ని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ వంటి మందు పన్నెండు గంటలకోసారి వేయాలి. రక్తంలో ఆ మందు ఎంతుందో తరచూ చూస్తారు. రక్తం ఇచ్చే రోజు ఉదయం మోతాదును ఇంట్లో వేయకూడదు. మాత్రను వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాకే వేయాలి. కళ్యాణదుర్గం నుంచి తెల్లవారుజామున బస్సెక్కే కంగారులో అలవాటుగా మాత్ర వేసేస్తే ఆ లెక్క తప్పుగా వస్తుంది, ప్రయాణం వృథా అవుతుంది. ఈ పరీక్షకు రక్తం ఊళ్లోనే ఇచ్చే ఏర్పాటు ఉంటే ఎన్నో కూలి దినాలు మిగులుతాయి.

బోరు నీళ్లయినా ట్యాంకరు నీళ్లయినా కాచి చల్లార్చే తాగించాలి. బూజు పట్టిన వేరుశనగ గింజల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, అవి ఇంట్లో ఎవరూ తినకూడదు. పంపరపనస పండు రక్తంలో టాక్రోలిమస్ మోతాదును తారుమారు చేస్తుంది. కొన్ని యాంటీబయోటిక్‌లు కూడా అంతే, ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి మాత్రలూ హాని చేయవచ్చు. కొత్త మందు ఏదైనా మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాకే వేయాలి. జ్వరం వస్తే రేపు చూద్దామనుకోకూడదు. తట్టు, ఆటలమ్మ టీకాలు వీలైతే ఆపరేషన్‌కు ముందే వేయించాలి. అవి బతికున్న క్రిములతో తయారైనవి కాబట్టి తర్వాత మామూలుగా వేయరు.

మార్పిడి బాగా జరిగే ఆసుపత్రుల్లో పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలు ఏడాది దాటి బతుకుతున్నారు, బడికి వెళ్తున్నారు. అసలు చిక్కు పదమూడు, పద్నాలుగేళ్లకు వస్తుంది. ఒంట్లో ఏ బాధా లేదు కదా అని మందులు మానేస్తారు, నెలల్లోనే కాలేయం దెబ్బతింటుంది. అందుకే పదేళ్లకే మందుల పేర్లు, వేళలు, ఎందుకు వేసుకోవాలో బిడ్డకు నేర్పడం మొదలుపెట్టి, మందుల డబ్బాను కొద్దికొద్దిగా వాళ్ల చేతికి అప్పగించాలి.