సరిహద్దులో ఆగిపోయినవాళ్లు

1377లో ఆడ్రియాటిక్ తీరంలోని రగూసా, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న చోటి నుంచి వచ్చినవాళ్లు దగ్గర్లోని దీవిలోనో సవ్‌తత్ ఊళ్లోనో నెల రోజులు గడిపాకే నగరంలోకి రావాలి. వర్తకం మీద బతికే ఊరు కనుక రేవు మూసుకోలేదు, వచ్చినవాళ్లకు ఆగే చోటు చూపించింది. 1423లో వెనిస్ ఒక దీవిని ప్లేగు ఆసుపత్రికే కేటాయించింది. గేటు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. అవతల ఆగిపోయినవాళ్ల బాగోగులు ఎవరు చూశారన్నదే ఈ ఆరున్నర శతాబ్దాల చరిత్రలో నన్ను పట్టి ఆపే ప్రశ్న.

పలుకుబడి ఉన్నవాళ్లకు గేటు తెరిస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు చూసింది. 1720 మేలో గ్రాండ్ సెంట్ ఆంటోయిన్ అనే ఓడ తూర్పు మధ్యధరా రేవుల నుంచి బట్టల బేళ్లతో వచ్చింది. దారిలోనే కొందరు చనిపోయారు. ఇటలీలో లివోర్నో రేవు దాన్ని రానివ్వలేదు. మార్సెయ్ నియమాలూ గట్టివే. కానీ సరుకులో నగర పెద్దలకు వాటా ఉంది, దాన్ని అమ్మాల్సిన బోకేర్ సంత దగ్గరపడుతోంది. దీవి దగ్గరే ఆపాల్సిన బేళ్లను నగరాన్ని ఆనుకుని ఉన్న గిడ్డంగులకు తెచ్చారు. ఊళ్లో దాదాపు సగం మంది పోయారు. మరుసటి ఏడాది ప్లేగును ఆపడానికి 27 కిలోమీటర్ల రాతిగోడ కట్టారు. అయినా అదే ఏడాది ఆ గోడ కాపాడాల్సిన అవిన్యో నగరానికీ ప్లేగు చేరింది.

ఆవిరి ఓడలొచ్చాక కలరా వేగం పెరిగింది. 1851లో 12 దేశాలు పారిస్‌లో కూర్చుని, ఓడలను ఆపే నియమాలపై ఒక్క మాట మీదికి రాలేకపోయాయి. బొంబాయి ప్లేగు సమయంలో, 1897లో మన దేశానికి అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడూ ప్రభుత్వాలు పట్టుకున్నది దాన్నే.

సమయానికి మూసిన గేటు ప్రాణాలు కాపాడిన మాటా నిజమే. 1918 నవంబరు 7న ఆక్లాండ్ నుంచి టలూనే ఓడ పశ్చిమ సమోవా చేరింది. అందులో ఫ్లూ రోగులున్నారు, అయినా ప్రయాణికులను దిగనిచ్చారు. జనాభాలో అయిదో వంతుకు పైగా, దాదాపు 8,500 మంది చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ ఓడలను కట్టడి చేశాడు. అక్కడ ఒక్కరూ చనిపోలేదు. ఆయన సాయం చేస్తానన్నా పశ్చిమ సమోవా పాలకుడు తీసుకోలేదు. అప్పట్లో ఆ దీవులను పాలించిన న్యూజిలాండ్, ఓడను రానిచ్చినందుకు 2002లో క్షమాపణ చెప్పుకుంది.

2020 మార్చిలో గేట్లు మన ఊళ్ల మధ్యే పడ్డాయి. హైదరాబాదులో హాస్టళ్లు ఖాళీ చేయించారు, పోలీసులు పాసులిచ్చారు. ఆ పాసులతో బయల్దేరిన పిల్లలు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. తెలంగాణ పంపింది, ఆంధ్ర క్వారంటైన్ లేనిదే రానివ్వనంది. రెండు ప్రభుత్వాలూ ముందే ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే బ్యాగులు పట్టుకుని రోడ్డు మీద నిలబడే అవస్థ వాళ్లకు తప్పేది. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవులో వారాల తరబడి పడవల్లోనే ఉండిపోయారు.

మరుసటి ఏడాది మే నెలలో ఆంధ్ర నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందని ముందే అనుమతి ఉండాలని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఊపిరాడని మనిషిని వెనకాల పడుకోబెట్టుకుని ఆ కాగితం ఎక్కడ తెస్తారు? 2021 మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది.