పెంక మీది పచ్చిమిర్చి

నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్ దాటాక వచ్చే అత్వెల్లి లాంటి ఊళ్లలో, చలికాలం పొద్దున ఏ ఇంట్లో తొక్కు నూరుతున్నారో వాడకంతా తెలుస్తుంది. పెంక మీద మిరపకాయలు మాడుతుంటే పక్కింటివాళ్లూ దగ్గాల్సిందే. ఈ ఘాటు తాతముత్తాతల నుంచీ మనదే అనుకుంటాం. కానీ ఐదువందల ఏళ్ల కిందట తెలుగు వంటింట్లో ఇది లేనే లేదు.

శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో వివరంగా రాశాడు. చలికాలపు విస్తరిలో మిరియాల పొడి వేసిన కూరలున్నాయి, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లున్నాయి. మిరపకాయ మాత్రం లేదు. పోర్చుగీసువాళ్లు గోవాని పట్టుకున్నది 1510లో. అమెరికా ఖండపు మిరప వాళ్ల ఓడల్లోనే మన తీరానికి చేరింది.

కొత్తగా వచ్చిన కాయకి మనవాళ్లు పాత పేరునే సర్దారు. మిరియంలా మండుతుంది కాబట్టి మిరపకాయ. తమిళంలో మిళగు నుంచి మిళగాయ్, కన్నడంలో మెణసు నుంచి మెణసినకాయి. మూడు భాషలూ ఒకే రకంగా ఆలోచించాయి. తర్వాత చుట్టం ఇల్లంతా ఆక్రమించింది. కారం ఒకప్పుడు రుచి పేరు. ఇప్పుడు కారం తెమ్మంటే ఎవరూ మిరియాల పొడి తేరు.

ఎందుకింత తొందరగా మనదైపోయింది? రుచి ఒక్కటే కారణం కాదు. మిరియం తీగకి పడమటి కనుమల తేమ కావాలి. మెట్టనేలల్లో బతికేవాళ్లు దాన్ని కొనుక్కోవాల్సిందే. మిరప అలా కాదు. పెరట్లో నాలుగు గింజలు చల్లితే మొలుస్తుంది, ఎండబెడితే ఏడాదంతా ఉంటుంది. జొన్నరొట్టె, గటక తినే ఇంటికి కొనక్కర్లేని కారం దొరికింది.

నమ్మకాల్లోకీ వచ్చేసింది. పిల్లలకి ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందంటారు. వేదకాలం నాటిదిగా కనిపించే ఈ ఆచారంలోని మిరపకాయ వయసు మహా అయితే ఐదు శతాబ్దాలు.

కాల్చడం మాత్రం మనకి పాతదే. వంకాయని నిప్పుల మీద కాల్చి పచ్చడి చేసే పద్ధతిలోకి మిరపకాయ సులువుగా ఒదిగింది. తొక్కుకి కాయల్ని చీరాలి, లేకపోతే లోపలి ఆవిరికి టప్పున పేలతాయి. కొంచెం నూనెతో పెంక మీద మచ్చలు పడేదాకా వేయించి, ఉప్పు, జీలకర్ర, ఎల్లిపాయ, చింతపండుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిరప పుట్టింటి వైపు మెక్సికోలోనూ ఇదే పని. కాల్చిన మిరపకాయల్ని ఉప్పు వేసి మోల్కహేతె అనే రాతి రోట్లో నూరతారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో వేసవి చివర హ్యాచ్ మిరపకాయల్ని తిరిగే పెద్ద జల్లెడ పీపాల్లో మంట మీద కాల్చి బస్తాలకొద్దీ అమ్ముతారు. ఆ కండగల కాయల తోలు వలుస్తారు. మన సన్నకాయలకి ఆ తోలే రుచి.

మేడ్చల్ చుట్టుపక్కల చేన్లు వెంచర్లవుతున్నాయి. పెరడు లేని ఇంట్లో కారం మళ్లీ కొనుక్కునే సరుకే అయింది, ఒకప్పటి మిరియంలాగా. కాకపోతే మిరియం కుండీలో అంత సులువుగా కాయదు. మిరప కాస్తుంది. బాల్కనీలో ఎండ పడే మూల ఒకటుంటే, వచ్చే చలికాలానికి ఒక పూట తొక్కుకి సరిపడా కాయలు మీరే కోసుకోవచ్చు. పెంక ఎక్కించే ముందు కిటికీలు తెరవండి.