మసాలా పొడికి అడగని స్థానికత

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు చేరువలో ఉన్న సీపత్ పేరు, అక్కడి 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం వల్ల దేశానికి తెలిసింది. ఆ మధ్య ఎన్నికల వార్తల కోసం అటు వెళ్లినప్పుడు సీపత్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం నన్ను రాత్రి భోజనానికి ఆపింది. ఆ ఇంటి పెద్దావిడ తండ్రి రైలు పట్టాల గ్యాంగులో పని కోసం విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి.

కోడికూర నేను వండుతానన్నాను. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేసి ముక్కలు కలిపాను. తర్వాత ఆవిడ ఇచ్చిన మసాలా పొడి దగ్గర చేయి ఆగిపోయింది. అది మనకు అలవాటైన ధనియాలు, గసగసాల వాసన కాదు. జాపత్రి, నల్ల యాలకులు, ఎండు మెంతాకు ఘాటుగా తగిలాయి.

"ఎంత వెయ్యమంటారమ్మా?"

"రెండు చెంచాలు చాలు బాబూ. ముందే వేస్తే చేదెక్కుతుంది. ముక్క ఉడికాక వేసి మూత పెట్టు."

తినేటప్పుడు అడిగాను: ఇది తెలుగు కూరా, ఛత్తీస్‌గఢ్ కూరా? "మా ఇంటి కూర" అన్నారావిడ.

ఆ జవాబుకు చరిత్ర మద్దతుంది. జాపత్రి, లవంగం పుట్టినిల్లు నేటి ఇండోనేషియా దీవులు. మనం ఆంధ్రత్వానికి గుర్తుగా చెప్పుకునే మిరపకాయ అమెరికా ఖండాలది. 1498లో వాస్కోడగామా కోళికోడ్ తీరానికి వచ్చిన తర్వాతే పోర్చుగీసుల ద్వారా మన దేశానికి చేరింది. 1323లో కూలిపోయిన కాకతీయ రాజ్యంలో ఎవరూ మిరపకాయ రుచి చూడలేదు. అప్పటి కారం మిరియాలది. కొత్త కాయకు పెట్టిన పేరులోనూ పాత మిరియం వినిపిస్తుంది. నేడు గుంటూరు మిర్చిని విదేశీ పంట అనే సాహసం ఎవరికీ లేదు.

మనుషుల వలసకూ ఇటువంటి చరిత్రే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను ముఖ్య కూడలిగా మార్చింది. 20వ శతాబ్ది ఆరంభంలో వాల్తేరు నుంచి కటక్ వైపు వెళ్లే మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో పార్వతీపురం, రాయ్‌పూర్ మార్గం పూర్తయింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ కూలీలు ఈ పట్టాల వెంటే వెళ్లారు. పట్టాలు వేసినవారిలో, వాటిని కాపాడినవారిలో దళితులూ, వెనుకబడిన కులాలవారూ ఎందరో.

భోజనం ముగిశాక ఆవిడ మనవరాలి సంగతి వచ్చింది. రాష్ట్ర కోటాలో కళాశాల సీటుకు ఎస్సీ ధ్రువపత్రం అడిగితే, 1950 నాటికే కుటుంబం ఇక్కడ ఉన్నట్టు రుజువు తెమ్మన్నారట. "మా నాన్న గ్యాంగు గుడిసెలో బతికాడు బాబూ, కాగితం ఎక్కడిది?" అన్నారావిడ.

ఈ చిక్కు ఒక్క ఇంటిది కాదు. మర్రి చంద్రశేఖరరావు అనే తెలుగు విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆంధ్రప్రదేశ్‌లోని షెడ్యూల్డు తెగ హోదా మహారాష్ట్రకు వెంట రాదని తేల్చింది. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని సమర్థించింది. వెనుకబాటు ప్రాంతాన్ని బట్టి మారుతుందన్నది కోర్టు తర్కం. స్థానిక దళితుల, ఆదివాసుల వాటాను కాపాడవలసిన అవసరమూ నిజమే. దానిని కొట్టిపారేయలేం.

అయితే రాష్ట్రం దాటినంత మాత్రాన అంటరానితనం ఆగిపోతుందా? సొంత ఇష్టంతో వలస వెళ్లిన ఉద్యోగినీ, కంపెనీ అవసరానికి తరలిన కూలీ బిడ్డలనూ ఒకే గాటన కట్టడం న్యాయమా? మూడు నాలుగు తరాలు ఒకే చోట బతికినవారికి పాత రైల్వే సర్వీసు రికార్డులనైనా రుజువుగా వెదికి ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది కాదా? కాగితం దాచుకోలేని పేదరికాన్నే అనర్హతగా లెక్కించడం సామాజిక న్యాయం అనిపించుకోదు.

ఆ మసాలాలోని దినుసులలో ఒక్కటైనా ఎప్పుడు వచ్చావన్న ప్రశ్న ఎదుర్కోలేదు. సీపత్‌లో పుట్టి పెరిగిన ఆ పిల్ల మాత్రం దానికి ఇంకా జవాబు వెదుకుతూనే ఉంది.