చెట్టు కోసం పని ఆపిన కూలీలు

మా వీధి చివర కడుతున్న అపార్టుమెంటుకి 'గ్రీన్ బిల్డింగ్' అని పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు కిందే పాలమూరు నుంచి వచ్చిన ఒకామె చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి, ఇసుక తట్టలు మోస్తుంది. 50 మందికి మించి ఆడకూలీలుంటే పిల్లలకో గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది. ఇక్కడున్నది పదిమందే. కాబట్టి ఆ చట్టం లెక్కన తప్పేమీ లేదు!

ఈ 'గ్రీన్' అనే మాట బిల్డర్ల చేతికి రాకముందు ఎవరి దగ్గర ఉండేదో వెతుకుతూ నేను 1971 నాటి సిడ్నీ దాకా వెళ్లాను. హంటర్స్ హిల్‌లో నది ఒడ్డున మిగిలిన చిన్న అడవి కెల్లీస్ బుష్. అక్కడ ఖరీదైన ఇళ్లు కట్టబోతే 13 మంది స్త్రీలు అడ్డుపడ్డారు. కలిగిన ఇళ్ల గృహిణులు. అర్జీలన్నీ వృథా అయ్యాక భవన నిర్మాణ కూలీల యూనియన్ దగ్గరికి వెళ్లారు. ముందు ఊరివాళ్లతో సభ పెట్టి చూపించండి అంది యూనియన్. దాదాపు 600 మంది వచ్చారు. కూలీలు పని నిషేధించారు. యూనియన్ లేనివాళ్లతో కట్టిస్తామని కంపెనీ అంటే, అదే కంపెనీకి మరోచోట ఆఫీసు కడుతున్న కూలీలు, ఒక్క చెట్టు కొట్టినా ఈ భవనం ఎప్పటికీ సగంలోనే ఉండిపోతుందన్నారు.

పని మానితే కూలి పోయేది వాళ్లకే. అయినా 1974 నాటికి అలాంటి 'గ్రీన్ బ్యాన్'లు 40 దాటాయి. యూనియన్ కార్యదర్శి జాక్ మండీ పేరే అందరికీ తెలుసు, ఆ 13 మంది పేర్లు ఎంతమందికి గుర్తు? 1973లో సిడ్నీ విశ్వవిద్యాలయం ఇద్దరు స్త్రీలు ప్రతిపాదించిన స్త్రీవాద కోర్సును ఒప్పుకోకపోతే, ఈ కూలీలు అక్కడి కట్టడం పని కూడా ఆపారు. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు ఈ సంగతి ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

1974లో యూనియన్ గుర్తింపు రద్దయింది. మరుసటి ఏడు జాతీయ నాయకత్వమే రాష్ట్ర శాఖను లాగేసుకుని మండీ వంటి వాళ్లను బయటికి పంపింది. కెల్లీస్ బుష్ మాత్రం 1983లో ప్రజల స్థలమైంది.

ఆ రోజుల్లోనే సిడ్నీ స్త్రీలు నిర్మాణ కూలీలుగా సైటులో అడుగుపెట్టడానికి పోరాడారు. మనవాళ్లు ఎప్పటినుంచో సైటులోనే ఉన్నారు, తట్ట కింద. తాపీ పని నేర్చుకోవచ్చు కదా అని ఉయ్యాల తల్లిని అడిగాను.

"తాపీ మా చేతికి ఎవరిస్తరమ్మా?" అంటూ చుట్టకుదురు సర్దుకుంది. పైనుంచి మేస్త్రీ కేకేస్తున్నాడు.